సరస్సు మధ్యలో ఆగిన విమానం

ఈత రాని బావ ఆర్నెల్లు కూర్చుని చేసుకున్న, నీళ్ల మీద తేలే బొమ్మ విమానం సరస్సు మధ్యలో మోటారు ఆగి నిలిచిపోయింది. చీకటి పడ్డాక మెకానిక్ అయిన బావమరిది ఒక్కడే పడవేసుకుని దానికోసం వెళ్లాడు. దగ్గరికి చేరిన ప్రతిసారీ అది మెల్లగా పక్కకు జరిగిపోతోంది. చూస్తే గాలి లేదు.

"బావా, ఆటలు చాలు! రిమోట్ కింద పెట్టు!" అని ఒడ్డుకేసి అరిచాడు.

"రిమోట్ నీ సంచిలోనే ఉంది కదరా!"

సంచి తడిమాడు. రిమోట్ చల్లగా చేతికి తగిలింది. దాని దీపం వెలగడం లేదు. ఇక వద్దనుకుని పడవ వెనక్కి తిప్పాడు.

అప్పుడు విమానమే చప్పుడు లేకుండా అతని వైపు వచ్చి పడవకు ఆనుకుంది. బావ ముఖం గుర్తొచ్చి, దాన్ని ఎత్తి పడవలో పెట్టుకున్నాడు.

తెడ్లు మళ్లీ ముట్టుకోనేలేదు. పడవ కదిలింది.

"ఒరేయ్, ఒడ్డు ఇటుందిరా! అటెక్కడికి?" బావ గొంతు దూరమవుతోంది.