నీలికాంతి గది బయట

కరకరమని చప్పుడు వినిపించి పక్క కుర్చీలోని పెద్దావిడ తల తిప్పింది.

జ్యోత్స్న గబుక్కున నోరు మూసుకుంది.

"ఏం తింటున్నావమ్మాయ్?"

"ఏం లేదాంటీ... పల్లీలు."

"పల్లీలు అలా చప్పుడు చెయ్యవు. బియ్యమేగా?"

జ్యోత్స్న సిగ్గుపడి హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగేసింది.

ఆమెది గోపన్‌పల్లి. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడర్. ఆరు నెలలుగా ఒకటే నీరసం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గచ్చిబౌలిలోని ఈ సెంటర్ గురించి టీమ్‌లో నవీన్ చెప్పాడు. నరంలోంచి కాస్త రక్తం తీసి, దానికి అతినీలలోహిత కాంతి చూపించి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారట. మామూలు వైద్యానికి తోడుగా చేసే చికిత్సట.

"ఫోన్ ఛార్జింగ్ పెట్టినట్టే" అన్నాడు నవీన్. ఆ మాట జ్యోత్స్నకు బాగా నచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి తింటున్నావు బియ్యం?" పెద్దావిడ వదల్లేదు.

"నాలుగు నెలలైతుంది. మా అమ్మ బియ్యం డబ్బాకు తాళమేసింది."

పెద్దావిడ పకపకా నవ్వింది. జ్యోత్స్నకూ నవ్వొచ్చింది.

ఆ నవ్వులోనే పెద్దావిడ చెయ్యి చాపి, జ్యోత్స్న కింది కనురెప్పను బొటనవేలితో లాగి చూసింది.

"అబ్బా, ఏంది ఆంటీ ఇది!"

"లోపల సున్నం కొట్టినట్టుంది. రక్తం తక్కువైతేనే ఇలా బియ్యం మీదికి మనసు పోతుంది. నెలసరి ఎక్కువగా అవుతోందా?"

జ్యోత్స్న చుట్టూ చూసింది. రిసెప్షన్‌లో ఉమాశ్రీ కంప్యూటర్ వెనక తల దించుకుంది.

"పది రోజులు ఉంటది," అంది గొంతు తగ్గించి. "స్ట్రెస్ వల్లనే గిట్ల అయితదంట."

"రక్త పరీక్ష చేయించావా?"

"టైమేది ఆంటీ? ఎల్లుండి రిలీజ్ ఉంది. ఈ లైట్ పెట్టించుకుంటే అంతా సెట్ అయితది."

"ఒంట్లో రక్తమే లేకపోతే లైటు దేనికి చూపిస్తారమ్మా?"

జ్యోత్స్న ఫోన్ తీసి టైమ్ చూసుకుంది.

"పైగా తీసిన రక్తం గడ్డకట్టకుండా ఒక మందు కలుపుతారు. అది నీ ఒంట్లోకి వెళ్తుంది. నీకేమో ఇప్పటికే ఆగకుండా పోతోంది. లేచి ముందు మామూలు ఆసుపత్రికి వెళ్ళు."

జ్యోత్స్నకు చిర్రెత్తింది. అపాయింట్‌మెంట్ కోసం మూడు వారాలు ఆగింది మరి. విసురుగా లేచి రిసెప్షన్ దగ్గరికి వెళ్ళింది.

"ఎవరు మేడమ్ ఆమె? వచ్చినోళ్ళను ఊరికే పరేషాన్ చేస్తున్నది. జర చెప్పండి."

ఉమాశ్రీ ఇబ్బందిగా నవ్వింది. "ఆవిడకి మేం చెప్పలేమండి. కావాలంటే కంప్లయింట్ రాసివ్వండి."

జ్యోత్స్న నిజంగానే రాసిచ్చింది. వెయిటింగ్ హాల్లో ఎవరో కూర్చుని, అడగకుండానే సలహాలిస్తున్నారని.

వెనక్కి తిరిగేసరికి పెద్దావిడ తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

"నా మీద కోపమొచ్చినా ఫర్వాలేదు, పరీక్ష మాత్రం మానకమ్మా," అని వెళ్ళిపోయింది.

లోపలి నుంచి నర్సు పిలిచింది. గదిలో నీలంగా వెలుగుతున్న యంత్రం. జ్యోత్స్న గుమ్మంలోనే ఆగింది.

"సిస్టర్, రక్తం గడ్డకట్టకుండా మందు గిట్ల కలుపుతరా?"

"అవునండి, కలపాలి."

జ్యోత్స్న హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుంది.

"మళ్ళెప్పుడన్న వస్త."

మర్నాడు ఆసుపత్రిలో రిపోర్టు వచ్చింది. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఐదున్నరే ఉంది. స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ కనిపించింది. జ్యోత్స్న ఆ లైటు చికిత్స సంగతి కూడా చెప్పింది.

"ఈ పరిస్థితిలో ఆ మందు పడి ఉంటే రక్తం ఆపడం కష్టమయ్యేది," అంది డాక్టరమ్మ. "ఎవరు పంపించారు నిన్ను?"

"ఎవరో ఆంటీ," అంది జ్యోత్స్న. పేరు కూడా అడగలేదు.

రక్తం ఎక్కించారు. గడ్డ తీసేశారు. మూడో నెలకల్లా రాయదుర్గం మెట్రో మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తోంది. వెనక నవీన్ ఆయాసపడుతున్నాడు.

ఆ శనివారం పూతరేకుల డబ్బా పట్టుకుని సెంటర్‌కు వెళ్ళింది. పెద్దావిడ లేదు. ఉమాశ్రీ ఆమెను డాక్టర్ ఇమ్మాన్యుయేల్ గదిలోకి పంపింది. ఆ సెంటర్ ఆయనదే.

"సార్, అప్పుడు కంప్లయింట్ రాసింది నేనే. ఆ ఆంటీ చెప్పకుంటే దవాఖానకు పోయేదాన్నే కాదు. ఆమెకు సారీ చెప్పాలె."

"ఆలస్యంగా వచ్చారండీ. వచ్చినవాళ్ళకి నచ్చనప్పుడు నేనెందుకు అని మర్నాడే మానేశారు. ఇప్పుడు బాలానగర్‌లో చర్చి వాళ్ళ ఉచిత ఆసుపత్రిలో కూర్చుంటున్నారు. లీదియమ్మ గారంటే ఎవరైనా చూపిస్తారు. నలభై ఏళ్ళు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేశారు."

జ్యోత్స్న ఆ పేరు ఫోన్‌లో రాసుకుంది.

"ఆవిడ వెళ్ళాకే నాకు తెలిసొచ్చింది," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు రక్త పరీక్ష రిపోర్టు చూడకుండా ఎవరికీ లైటు పెట్టడం లేదు."

"మరి అన్ని రోజులు ఎట్ల ఊకున్నరు సార్? మీ దగ్గరికొచ్చినోళ్ళను మీ ముందట్నే వాపస్ పంపుతుంటే, వద్దని అనలేదా?"

డాక్టర్ ఇమ్మాన్యుయేల్ తల గోక్కుని, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఎలా అంటానండీ... ఇంటికెళ్తే నాకు అన్నం పెట్టేది ఆవిడే, మా అమ్మ!"