కొండ మీద గుమ్మడికాయ

బాక్స్ మళ్ళీ ఖాళీగా వచ్చింది.

ఆయన సింకు దగ్గర నిలబడి, మూత తీసి, వెలుతురుకి పట్టి చూశాడు. రొట్టె ముక్క లేదు. మూలల్లో కూర అంటుకున్న జాడ కూడా లేదు.

“ఎలా ఉంది?”

“బావుంది,” అంది ఆమె బూట్లు విప్పుకుంటూ.

మొదట్లో సగం బాక్స్ అలాగే తిరిగి వచ్చేది. గడ్డం వచ్చిన దగ్గర్నుంచీ, అంటే రెండు నెలలుగా, ఇదీ వరస.

గడ్డం అంటే కొండ మీద పక్షుల సర్వేకి కొత్తగా చేరిన కుర్రాడు. అసలు పేరు రిజిస్టర్లో ఉంది గానీ ఆయన నోటికి ఎప్పుడూ రాలేదు. ఆమె, గడ్డం కలిసి రోజూ కొండెక్కుతారు. పిట్టల రెట్టలు ఏరి, చిన్న ట్యూబుల్లో వేసి, తేదీ రాసి తెస్తారు. కింద ల్యాబులో ఆయన వాటిలోంచి డీఎన్ఏ తీస్తాడు. ఏ పిట్ట ఏ పురుగు తిన్నదో, ఏ పండు తిన్నదో పట్టీ తయారవుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆయనకి అదే పని.

పిట్ట కడుపులో ఏముందో చెప్పగల మనిషికి, తను వండిన కూర ఎవరి కడుపులోకి పోతోందో మాత్రం తెలియడం లేదు.

తెల్లవారగానే లేచి, నూనె మరకల నోట్‌బుక్ ముందేసుకుని వండుతాడు. ఒకే వంట తనకొకటి, ఆమెకొకటి రెండు బాక్సుల్లో సర్దుతాడు. ఏం వండినా పైన నువ్వులపొడి చల్లందే ఆయనకి తోచదు.

“మీ ఇంటి వంట గడ్డం బాబుకి బాగా ఒంటబట్టినట్టుందండోయ్,” అన్నాడు ల్యాబు గుమాస్తా ఒకరోజు టీ తాగుతూ. “బుగ్గలొచ్చాయి!”

ఆయన టీ సగంలోనే వదిలేసి లేచాడు.

గురువారం కూరలో గుప్పెడు మిరపకాయలు నూరి కలిపాడు. ఆమె తింటే వచ్చి నిలదీస్తుంది. వాడు తింటే నీళ్ళకి పరిగెడతాడు. ఏదో ఒకటి తేలిపోతుంది. తన బాక్సులో మాత్రం ఉత్త రొట్టెలు పెట్టుకున్నాడు.

సాయంత్రం గడ్డం ఈల వేసుకుంటూ కొండ దిగాడు. బాక్స్ ఖాళీ.

“బావుంది,” అంది ఆమె.

ఆ వారం ట్యూబుల పట్టీ వచ్చింది. పురుగులు, సాలీళ్ళు, అడవి పళ్ళు. వాటి కింద గోధుమ. నువ్వులు. సోమవారం ట్యూబులో గుమ్మడి. మంగళవారం బీన్స్. గురువారం మిరప, మిరప, మిరప.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అవి తను వారమంతా వండినవే.

గడ్డం కాదు, పిట్టలు! పిట్ట నాలుకకి కారం తెలియదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పగలబడి నవ్వాడు.

ఆ నవ్వు ఒక్క నిమిషమే. తన బాక్స్ పిట్టలు తింటుంటే, మరి ఆమె ఏం తింటోంది? గడ్డం రోజూ మోసుకెళ్ళే బాక్స్ మూడంతస్తులది. ఒక్కడికి మూడంతస్తులెందుకు?

ఆ మిరపకాయలన్నీ తనే తిన్నట్టు కడుపు మండింది.

ల్యాబు పెద్ద మేడమ్ పిలిచింది. పట్టీ ఆవిడ బల్ల మీద ఉంది.

“కొండ మీద గుమ్మడి పాదు ఎవరు పెట్టారండీ? ఇవన్నీ మీ బాక్సులో ఉండేవే. ల్యాబు బల్ల మీద భోంచేస్తున్నారా? లేకపోతే పైన ఎవరైనా పిట్టలకి పెడుతున్నారా? పెడితే ఆ మనిషి ఇంక కొండెక్కేది లేదు. రూలు మీకు తెలుసు.”

తెలుసు. పెడుతున్నది ఆమేనని ఒక్క మాట చాలు. రేపట్నుంచి గడ్డం ఒక్కడే ఈల వేసుకుంటూ కొండెక్కుతాడు. ఆమె కింద, తన కళ్ళెదురుగా ఉంటుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

సాయంత్రాలు కొండ దిగేటప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో గుర్తొచ్చింది. ఏడాదిగా ఇంట్లో కనబడని నవ్వు ఈ రెండు నెలల్లోనే తిరిగొచ్చింది.

“బల్ల మీదే తిన్నానండి,” అన్నాడు.

“మరి నీళ్ళ ట్యూబు?”

ప్రతి విడతలోనూ ఉత్త నీళ్ళతో ఒక ట్యూబు పెడతారు. ల్యాబులో తిండి కలిసి ఉంటే అందులోనూ కనబడాలి. ఆయన పెట్టాడు. అందులో ఏమీ లేదు. ఆ కాగితం మడతపెట్టి ఆయన జేబులోనే ఉంది.

“పెట్టడం మర్చిపోయానండి.”

మేడమ్ పట్టీ మడిచి పక్కన పెట్టింది. కేకలేమీ వేయలేదు. మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపింది.

“రేపట్నుంచి స్టోర్ రూమ్ చూసుకోండి.”

సాయంత్రం గేటు దగ్గర ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకాలే గడ్డం, రెండు సంచులూ తనే మోసుకుంటూ, తల వంచుకుని.

“గుమాస్తాగారు ఫోన్ చేసి చెప్పారు. తప్పు నాదైతే నువ్వెందుకు ఒప్పుకున్నావ్?” అంది ఆమె రొప్పుతూ. “పారేయడానికి చేతులు రాక పిట్టలకి పెట్టాను. రేపు పొద్దున్నే మేడమ్‌తో నేనే చెప్పేస్తాను.”

“వాడి బాక్సులో తింటున్నావన్నమాట.”

“ఊఁ.”

“నా వంట బావోలేదని ఒక్క మాట అనొచ్చుగా?”

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయన చేయి పట్టుకుంది.

“అమ్మ పోయిన మర్నాటి నుంచీ తన నోట్‌బుక్ ముందేసుకుని నా కోసం వంట నేర్చుకుంటున్నావు, బావోలేదని ఏ నోటితో చెప్పమంటావు నాన్నా?”