అమ్మకి కనిపించే చేప

“ఆ చేప ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదు,” అంది అక్క, భుజాన ఉన్న బ్యాగు కూడా దించకుండా.

తమ్ముడు వెళ్ళి గాజుతొట్టికి అడ్డంగా నిలబడ్డాడు. తొట్టిలో నీలం లైటు కింద ఒకే ఒక్క చేప, బొటనవేలంత ఉంటుంది, ఎర్రగా వెలుగుతూ అటూ ఇటూ తిరుగుతోంది.

“చేప నిన్నేం చేసిందే?”

“అది నన్నేమీ చెయ్యలేదు. మనుషులే దాన్ని చేశారు. దీని ముత్తాత గుడ్డులో ఉండగానే, ఎక్కడో సముద్రంలో ఉండే పగడపు జీవి జన్యువుని తెచ్చి అందులో దూర్చారు. అప్పట్నుంచి వంశం వంశమంతా ఇలా వెలుగుతూనే ఉంది. దేనికట? నీ హాలుకి అందం కోసం.”

అక్క కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం కాదు. నాలుగు కాళ్ళూ లెక్కపెట్టి చూపించి, నాలుగేనని అందరిచేతా ఒప్పించి గానీ వదలదు. ఆ చేపని ముచ్చటపడి చూస్తే దాన్ని తయారుచేసినవాళ్ళకి చప్పట్లు కొట్టినట్టేనని, కుర్చీ తిప్పుకుని తొట్టికి వీపు పెట్టి కూర్చుంది.

“గింజల్లేని ద్రాక్ష తింటావు కదా. అది అడవిలో కాసిందా?” అన్నాడు తమ్ముడు, ఆమె ఎదురుగా వచ్చి.

“ద్రాక్షపండుకి ప్రాణభయం లేదు. ఇది నోరులేని జీవం.”

“నోరు లేకపోవడమేమిటి, పొద్దస్తమానం తెరుస్తూనే ఉంటుంది.”

అక్క నవ్వలేదు. తమ్ముడు అమ్మ గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“అది హాలు కోసం కాదక్కా. అమ్మ కోసం.”

తమ్ముడిది కళ్ళద్దాల షాపు. ఊళ్ళో సగం మంది అతను పెట్టిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తున్నారు. ఆ విద్య ఒక్క అమ్మ దగ్గరే పారలేదు.

“పెద్ద పెద్ద డాక్టర్లే పెదవి విరిచేశారు,” అన్నాడు. “అమ్మకి నా మొహం కనపడదు. తన చెయ్యి తనకే కనపడదు. ఈ చేప ఒక్కటే కనిపిస్తోంది. నేను సాయంత్రం పెందలాడే షాపు కట్టేసి వస్తాను, ఇద్దరం కూర్చుని చూస్తాం. ఆవిడకి మిగిలిన చూపు అదొక్కటే. దాన్నీ లాక్కుంటావా?”

అక్క అప్పుడు బ్యాగు దించి కింద పెట్టింది. అంత మాత్రాన మెత్తబడిందనుకుంటే పొరపాటే.

“వెలిగేదే కావాలంటే ఎర్రలైటు పెట్టు. కదిలేదే కావాలంటే కీ ఇచ్చే బొమ్మ పెట్టు. ఎవరి కళ్ళ కోసమైనా సరే, ప్రాణమున్నదాన్ని లైటు కింద లెక్కకట్టకూడదు. నువ్వు ఒకటి కొంటే వాళ్ళు వంద చేస్తారు. మా ల్యాబులో తొట్టి ఉంది. ఆయుష్షున్నన్నాళ్ళూ అక్కడ బతుకుతుంది. ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు.”

తమ్ముడు వెళ్ళి తొట్టి అద్దం మీద ఒకసారి చెయ్యి వేశాడు.

“సరే, పట్టుకుపో. అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి. నా వల్ల కాదు.”

“నేనే చెబుతాను,” అని లేచింది అక్క.

అన్నది గానీ, గదిలోకి వెళ్ళి అమ్మ మంచం మీద కూర్చున్నాక నోరు పెగల్లేదు. అమ్మ కూతురి బుగ్గలు తడిమి, చిక్కిపోయావంది. అక్క చిక్కింది లేదు, పెట్టింది లేదు. అయినా ఊ అంది.

“పద, హాల్లోకి పోదాం,” అంది అమ్మ. “చేపని చూసే వేళైంది.”

చెప్పాల్సిన మాటని గొంతులోనే పెట్టుకుని, అక్క తల దించుకుని ఆవిడని నడిపించుకొచ్చింది. తొట్టి ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. తను మాత్రం పట్టుదల వదలకుండా, తొట్టికి వీపు పెట్టి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది.

“నిజంగా కనిపిస్తోందా అమ్మా?”

“కనపడకేం? అదిగో, ఇటు తిరిగింది. ఎర్రగా ఎంత ముద్దుగా ఉందే! ఇవాళ మరీ హుషారుగా ఉంది, నువ్వొచ్చావని తెలిసిందేమో. ఇదిగో, మేత కోసం పైకొచ్చింది. మళ్ళీ కిందికి పోతోంది, దొంగముండ.”

అమ్మ చూపుడువేలు గాలిలో పైకీ కిందికీ తిరుగుతోంది. మొహం విప్పారిపోయింది. అక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏళ్ళ తరబడి తను చెబుతున్న పాఠాలన్నీ ఆ వేలు ముందు తేలిపోయాయనిపించింది. పాఠాలు లోకానికి చెప్పచ్చు, ఈవిడ అమ్మ.

“ఒరేయ్,” అని వంటింటి వైపు కేకేసింది. “నేనే ఓడిపోయానురా. అమ్మకి కనిపించే ఒక్కదాన్ని పట్టుకుపోలేను. ఉండనీ.”

తమ్ముడు రెండు చేతులా బకెట్ పట్టుకుని వచ్చి వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

“ఎక్కడ ఉండనివ్వమంటావు? చేప ఇందులో ఉంది. అమ్మ చూస్తుండగా తియ్యలేక, నువ్వు గదిలోకి వెళ్ళగానే తీసేశాను.”

అక్క వెనక్కి తిరిగి చూసింది. తొట్టిలో నీలం లైటు, నీళ్ళు, అడుగున గులకరాళ్ళు ఉన్నాయి.

అమ్మ వేలు గాలిలోనే ఆగింది. తర్వాత మెల్లగా ఒళ్ళోకి దిగింది.

“అమ్మా,” అన్నాడు తమ్ముడు, బకెట్ కింద పెట్టడం కూడా మర్చిపోయి. “ఎప్పట్నుంచి కనపడట్లేదు?”

“అసలు కనపడిందెప్పుడురా?” అంది అమ్మ. “చేప కనిపిస్తోందని చెప్పాకే కదా, నువ్వు చీకటి పడకముందే ఇంటికొచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టావు.”