అద్దె లేని ముక్కు

“ముక్కు కావాలన్నారటగా? తెచ్చాను,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన.

ఫిజీ రాజధాని సువాలో ఓ ఆసుపత్రి మత్తు విభాగం అది.

శ్వాసనాళం ఇరుకైన రోగిని నిద్రపుచ్చితే, ఉన్న ఆ కాస్త సందూ మూసుకుపోవచ్చు. అందుకే మెలకువగా ఉండగానే ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, దారి చూసుకుంటూ దించాలి. అది నేర్చుకోవడానికి తమ మీద చేయనిచ్చే మనుషులు కావాలి.

అక్కడ తల ముట్టుకోవడమే తప్పు. ఇక ముక్కులో గొట్టమంటే, అక్షరాలా గొంతెమ్మ కోరికే.

ఎవరూ రాలేదు. ఈ రవువామ ఒక్కడే వచ్చాడు.

“తిలౌ, తాతా,” అంటూ తల తాకబోతున్నందుకు మన్నింపు అడిగింది చిన్న డాక్టర్ మెరెసైని. ఆమె చేతులు వణుకుతున్నాయి.

“ఏ దీవే నీది?”

“కోరో.”

“ఓసి నీ మొహం మండ! మనం తౌవులం కదే! నాకు తిలౌ చెప్పేదేంటి?”

గదంతా గొల్లుమంది. తౌవులంటే పుట్టిన చోటుని బట్టి వరస కలిసే, తిట్టుకునే చుట్టాలు. ఎంత మాటన్నా కోపం రాకూడదు.

మెరెసైని చేతుల్లో వణుకు తగ్గింది.

“నోర్మూసుకుని ముక్కు తెరువు, ముసలి పీతా!”

“ముక్కుసూటిగా పోవే, గొట్టందానా!”

అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం వచ్చేవాడు. దగ్గేవాడు, కళ్లనీళ్లు పెట్టుకునేవాడు, తిట్టేవాడు.

“ఇంకాస్త కిందికి పోనీ. మా ఆవిడ అక్కడే ఆగిపోయింది,” అనేవాడు.

“నీతో వేగలేక ఆగిపోయుంటుంది!”

అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. తర్వాత చేపల పులుసూ కసావా దుంపలూ తిని వెళ్లేవాడు. తిండి కోసమే వస్తున్నాడనుకున్నారు.

కొన్నాళ్లకు ఒక పంతులమ్మ వచ్చింది. ఆమె శ్వాసనాళం పెన్ను రీఫిల్ అంత సన్నగా ఉంది. కూర్చోబెట్టి, మాట్లాడిస్తూనే మెరెసైని గొట్టం దించింది. చెయ్యి వణకలేదు. పంతులమ్మ బతికింది.

ఆ సంగతి చెప్పి నాలుగు తిట్లు తిందామని శుక్రవారం కోసం చూసింది. రవువామ రాలేదు. ఆయన పోయాడన్న కబురు వచ్చింది.

తౌవు చావులో ఏడవకూడదు, ఆటపట్టించాలి. మెరెసైని చావింటికి ఆనవాయితీగా ఇచ్చే చాపల చుట్ట మోసుకెళ్లి గుమ్మంలోంచే కేకేసింది.

“ఏయ్ పీతా! నా గొట్టానికి జడిసి పారిపోయావా? లే, ముక్కు తెరువు!”

ఒక్కరూ నవ్వలేదు.

శవం పక్కన కూర్చున్న ఆయన చెల్లెలు తలెత్తింది. “ఎవరమ్మా నువ్వు?”

“ఆయన తౌవుని. కోరో పిల్లని.”

“కోరోతో మాకు తౌవేంటి? మేం కొండలవాళ్లం.”

“మరి ఆసుపత్రికొచ్చి ప్రతి శుక్రవారం నన్ను...”

“ఆసుపత్రికా? చేపలకని చెప్పేవాడే! ఏ ఆసుపత్రి?”

మెరెసైని చెప్పింది. ముక్కు సంగతీ చెప్పింది.

చెల్లెలు అన్న ముఖం వైపు చూసింది. తర్వాత ఇల్లంతా వినేలా అంది.

“మా వదిన మీ ఆసుపత్రి బల్ల మీదే పోయిందమ్మా, గొట్టం దిగక. అది తెలిస్తే నీ చెయ్యి ఆగిపోతుందని, వాడు నీకు తిట్టుకునే చుట్టమయ్యాడు.”