ఎవరి వరస వాళ్లది

"ఎన్ని?" అని అడిగింది ఇంగున్.

హాల్వర్ ఈత అద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. మంచు కరిగిన నీళ్లలో రెండు గంటలు బోర్లా తేలుతూ వచ్చిన మనిషి. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒడ్డు మీద సగం ఊరు నిలబడి అతని నోటివంకే చూస్తోంది.

"మిమ్మల్నే హాల్వర్. కుడి వరసలో ఎన్ని సాల్మన్లు?"

"పంతొమ్మిది."

అతను చూసింది ఏడు.

గిల్వా నదిలో గాలం వేయకూడదని రాజధాని ఓస్లో నుంచి ఉత్తర్వు వచ్చాక ఇది రెండో వేసవి. సాల్మన్ అంతరించిపోతోందని నిషేధం. జూలైలో ఒక్కసారి లెక్క తీస్తారు. అరవై చేపలు కనబడితే ఆగస్టు నెలంతా నది తెరుస్తారు. ఒక్కటి తగ్గినా గాలాలు మళ్లీ అటకెక్కాల్సిందే. ముగ్గురు మనుషులు నదికి అడ్డంగా విడిపోయి, నీళ్లలో ముఖం పెట్టి, ప్రవాహంతో పాటు కిందికి రావాలి. ఎవరి వరసలోని చేపల్ని వాళ్లే లెక్కపెట్టాలి. పక్క వరసలోకి తొంగిచూస్తే ఒకే చేప రెండుసార్లు లెక్కకొస్తుంది. అందుకే ఒకరి అంకెకు మరొకరు సాక్షి కారు.

"ఏలర్ట్, ఎడమ వరస?"

ఏలర్ట్ చెవిలో నీళ్లు దులుపుకుంటూ, "పదిహేడు" అన్నాడు.

ఇక మిగిలింది నడుమ వరస. నదిలో లోతంతా అక్కడే. అది ఇంగున్ ఈదిన వరస. చేపల మీద చదువు చదివి, ఈ నదిని మూయించిన మనిషి ఆమె. రెండేళ్లుగా ఊళ్లో ఒక్కరూ ఆమెను కాఫీకి పిలవలేదు.

ఇంగున్ రెండుమూడుసార్లు కళ్లు తుడుచుకుంది. "ఇరవై ఆరు."

"అరవై రెండు!" అని ఎవరో కేక పెట్టారు. ఒడ్డంతా ఈలలు.

"ఏమ్మా చేపల డాక్టరమ్మా! చేపల్లేవు, చేపల్లేవు అని మా గొంతు కోశావు కదా. ఇప్పుడేమంటావ్?" అని గుంపులోంచి ఒకడు అడిగాడు.

"సంతోషం అంటాను" అంది ఇంగున్.

వేటకొచ్చే వాళ్లకి గదులు అద్దెకిచ్చే మార్గిట్ ముసలమ్మ ఆమె చేతిలో కాఫీ గ్లాసు పెట్టింది. తర్వాత హాల్వర్ నోట్లో చీజ్ వేసిన వాఫుల్ అట్టు ముక్క కుక్కింది. "ఏ చేత్తో లెక్కపెట్టావురా? ఇలా తే" అని ఆ చేతిని ముద్దుపెట్టుకుంది. "రెండేళ్లయింది నా గదుల తలుపులు తీసి."

హాల్వర్ చెయ్యి లాక్కున్నాడు.

ఇంగున్ హాల్వర్‌నీ ఏలర్ట్‌నీ తన వ్యాను వెనక్కి పిలిచింది. "పైకి ఫోన్ చేసి అంకె చెప్పేస్తే ఇక మార్చడం కుదరదు. చేసేయనా?"

"ఇంకా అడుగుతావేంటమ్మాయ్, కానివ్వు" అన్నాడు ఏలర్ట్.

"గాలం వేసేవాళ్లని లెక్కకి దింపొద్దని మా పైవాళ్లు అన్నారు. నేనే పట్టుబట్టాను. నదిలో పెరిగినవాళ్లు నది విషయంలో అబద్ధమాడరని." నంబరు నొక్కడం మొదలుపెట్టింది.

హాల్వర్ నది వైపు తిరిగాడు. ఆ ఏడింటిలో ఒక ముసలి ఆడ చేప ఉంది. వీపు మీద పాత వల గాటు. బండరాయి చాటున ఆగి, అతని ఛాతీ కిందనుంచి తాపీగా వెళ్లింది. భయపడలేదు. ఆగస్టు ఒకటిన ఆ బండ దగ్గర ఎన్ని గాలాలు పడతాయో అతనికి తెలుసు. మొదటిది తనదే.

"ఇంగున్, ఫోన్ ఆపు."

"ఏమైంది?"

"పంతొమ్మిది కాదు. ఏడు."

"చలికి మతిపోయింది ఈయనకి!" అన్నాడు ఏలర్ట్. "అమ్మాయ్, నువ్వు పట్టించుకోకు."

"మతి ఉండే చెబుతున్నా. పన్నెండు నేను కలిపాను."

"అంటే యాభై" అంది ఇంగున్ మెల్లగా.

ఏలర్ట్ అతని మెడ దగ్గర రబ్బరు సూటు పట్టుకుని గుంజాడు. "గాలం వేసేవాళ్ల సంఘానికి అధ్యక్షుడివిరా నువ్వు! తిన్న ముక్క అరిగేదాకా అన్నా ఆగలేవా? ఒడ్డు మీద వాళ్లకి ఏం చెబుతావ్?"

"ఇదే చెబుతా."

"నీ వరసలో నిన్నెవడు చూశాడ్రా?"

"నేను చూశాను."

ఏలర్ట్ పట్టు వదిలాడు. వ్యాను మెట్టు మీద కూలబడి చేతి తొడుగులు ఒక్కో వేలే లాగసాగాడు. రెండోది ఊడకముందే ఆగిపోయాడు.

"నువ్వు నిజం చెప్పావనుకున్నాను" అన్నాడు. "నీకే పంతొమ్మిది కనబడితే, నేను ఓ పన్నెండు కలిపితే నదికేం పోతుందనుకున్నా. నాకు కనబడినవి అయిదు."

వ్యాను అవతల ఎవరో పాట ఎత్తుకున్నారు.

"తిట్టమ్మా, పడతాం" అన్నాడు హాల్వర్. "నువ్వు నమ్మి దింపితే ఇద్దరం మోసం చేశాం. పోనీ, నీ నడుమ వరసలో ఇరవై ఆరున్నాయి. అవి బతికితే నది బతికినట్టే. రెండేళ్లు కాదు, పదేళ్లు మూసెయ్. ఈసారి నోరెత్తను."

ఇంగున్ ఫోన్ దించింది. కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"మీ ఇద్దరి అంకెలూ విన్నాక, నా కళ్లే సరిగా చూడలేదనుకున్నాను" అంది. "నాకు కనబడినవి రెండే."