ఎవరి కథ వాళ్ళకే

పండుమిర్చి జాడీ దగ్గర మొదలైన గొడవతో, నేనూ మా తోడికోడలు రాజ్యమూ ఆరు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. నన్ను అక్కా అని పిలవడం కూడా మానేసింది. చివరికి మా అత్తయ్య ఇద్దరి చేతుల్లోనూ సినిమా టిక్కెట్లు పెట్టింది. ఆవిడకి తెలిసిన మందు అదొక్కటే. పక్కపక్కన కూర్చుని ఒకే సీనుకి ఏడిస్తే కోపాలు పోతాయంటుంది.

ఇప్పుడు సినిమా హాళ్ళలో తెరలు ఉండవు. కళ్ళద్దాలు ఇస్తారు. అవి ఎవరి మనసు కనిపెట్టి వాళ్ళకి తగ్గట్టు కథ నడుపుతాయి. విడిపోయిన మనుషులు కలిసే కథట. నా కథలో చిన్నకోడలు వచ్చి పెద్దకోడలి కాళ్ళమీద పడింది. వెక్కివెక్కి ఏడ్చాను.

బయటికొచ్చాక రాజ్యం క్షమాపణ అడుగుతుందని నిలబడ్డాను. అదీ కదలకుండా నావంకే చూస్తోంది.

"నీ సినిమాలో ఎవరు దిగొచ్చారు?" అన్నాను.

"పెద్దకోడలే."

ఒళ్ళు మండిపోయింది. నేరుగా మేనేజరు దగ్గరికి పోయాను.

"ఇద్దరికీ ఒకటే కథ వెయ్యడానికి మీకేం రోగం?"

"ఒకటే కథైతే ఎవరో ఒకరు బాధపడతారమ్మా," అన్నాడు నవ్వుతూ.

"పడితే పక్కన మనిషుందిగా! అందుకేగా ఇద్దరం వచ్చింది!"

"అరవకండి. కావాలంటే మీ ఒక్కరికే ఇంకో కథ వేస్తాను."

రాజ్యం నన్ను తోసుకుంటూ ముందుకొచ్చి, తన కళ్ళద్దాలు బల్లమీద విసిరికొట్టింది.

"మా అక్క ఏం అడుగుతోందో నీ చెవికెక్కడంలా?"