తనిఖీ విభాగం మనిషి

వెర్నన్ శవపేటికను తీసుకెళ్తున్న కారు శ్మశానం గేటుకు కాస్త ఇవతల, ఎత్తు మీద ఆగిపోయింది.

డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా లేదు.

వెనక నడుస్తున్నవాళ్ళంతా ఇంగ్లండ్‌లోని కావెంట్రీ కార్ల ఫ్యాక్టరీలో వెర్నన్‌తో పనిచేసిన కార్మికులే.

"మన సరుకే కదా, నాలుగు చినుకులు పడితే చాలు, మొరాయిస్తుంది," అన్నాడు ఒకడు మెల్లగా. పక్కవాడు నవ్వబోయి, వెర్నన్ భార్య గ్లెనిస్ అటు తిరగడం చూసి తల దించుకున్నాడు.

వెర్నన్‌ను చంపిందీ వాళ్ళ సరుకే. మిల్లు దగ్గర వాలులో బ్రేకులు పట్టక, అతని కారు తిన్నగా వెళ్ళి లారీ కింద దూరింది. కొత్త వాసన కూడా ఇంకా పోని కారు.

చేసేది లేక నలుగురు కోట్లు విప్పి తోయడం మొదలుపెట్టారు. బురదలో చక్రాలు జారుతున్నాయి. ఎక్కడినుంచి వచ్చాడో, ఒక బక్కపలచటి పెద్దాయన వాళ్ళ మధ్యలో భుజం ఆనించాడు. కారు కదిలింది.

కదలగానే మిగతావాళ్ళు నిప్పు తగిలినట్టు అతని పక్కనుంచి తప్పుకున్నారు. ఒక్కడూ అతని ముఖం చూడలేదు.

గ్లెనిస్‌కు అది బాగా అనిపించలేదు. పూడ్చడం అయ్యాక తనే అతని దగ్గరికి వెళ్ళి, తడిసిపోయారు, మాతో వచ్చి టీ తాగి వెళ్ళమంది. అతను తటపటాయించాడు. చివరికి వచ్చాడు.

కార్మికుల క్లబ్బు హాల్లో టీ, పంది మాంసం పెట్టిన రొట్టెలు సర్దారు. అతను కప్పు పట్టుకుని కిటికీ పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. రొట్టె కోసం చెయ్యి చాపితే, ఎవరో పళ్ళెం అవతలికి లాగేశారు. "వీడికి సిగ్గుందా అసలు?" అని ఇంకెవరో వినబడేలాగే అన్నారు.

ఎవరతను అని గ్లెనిస్ పక్కనున్నామెను అడిగింది.

సిరిల్ బాగ్నల్ అట. ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో ఉండేవాడట. తయారైన కార్లను చూసి, బాగున్నాయని ముద్ర వేసి బయటికి పంపే పని.

గ్లెనిస్ చేతిలోని టీ అక్కడే పెట్టేసి కిటికీ దగ్గరికి నడిచింది.

"కార్లు చూసి పంపేది మీరేనట కదా?"

"ఒకప్పుడండీ."

"ఏం చూసేవారు? రంగు నిగనిగలాడుతోందో లేదో చూసేవారా?"

హాల్లో అందరూ ఇటు తిరిగారు.

"లోకమంతా మన కార్లను చూసి పగలబడి నవ్వుతోంది. వెర్నన్ మాత్రం నవ్వనిచ్చేవాడు కాదు. జపాన్ కారు కొన్నాడని పక్కింటాయన ముఖం చూడటం మానేశాడు. మన చేత్తో చేసింది మనమే నమ్మకపోతే ఎలా అనేవాడు. నమ్మాడు. మీ ముద్ర చూసి కొన్నాడు. ఇప్పుడు మట్టిలో పడుకోబెట్టి వచ్చాను."

బాగ్నల్ ఏదో చెప్పబోయాడు. హాలంతా ఒకసారి కలయజూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు, వెర్నన్ అన్నయ్య విల్ఫ్ తప్ప. విల్ఫ్ నేల చూస్తున్నాడు.

"వెర్నన్ బిగించిన దాంట్లో నాకెప్పుడూ వంక దొరకలేదండీ," అన్నాడు బాగ్నల్. "ఆ ఒక్క మాట మీతో చెబుదామనే వచ్చాను."

"నీ మెచ్చుకోలు ఎవడిక్కావాలి? నడువు బయటికి," అంది గ్లెనిస్.

అతను కప్పును కిటికీ గట్టు మీద పెట్టాడు. ఎవరూ దారి ఇవ్వలేదు. పక్కకు తిరిగి, ఒక్కొక్కరి భుజాన్నీ దాటుకుంటూ వెళ్ళాడు. తలుపు మూసుకోగానే ఎవరో చప్పట్లు కొట్టారు.

అంతా వెళ్ళిపోయాక గ్లెనిస్ వంటగదిలో కప్పులు కడుగుతోంది. విల్ఫ్ తుడుస్తున్నాడు.

"ఇంకో నాలుగు మాటలు అనాల్సింది," అంది గ్లెనిస్. "ఈసారి కనబడితే వదలను."

"కనబడడులే. వేల్స్‌లో ఏదో పల్లెటూళ్ళో చెల్లెలి దగ్గర ఉంటున్నాడట. ఎక్కడో మనవాళ్ళెవరికీ తెలియదు."

"అన్నేళ్ళు కలిసి పనిచేసి, తెలియకపోవడం ఏమిటి?"

"ఎవరమూ అతనితో మాట్లాడేవాళ్ళం కాదు కాబట్టి," అన్నాడు విల్ఫ్. ఆర్నెల్ల క్రితం బాగ్నల్ పట్టుబట్టి కార్లు బిగించే లైను ఆపించాడు. కార్లన్నీ యార్డులో నిలిచిపోయాయి, అందరి జీతాలకూ కోత పడింది. ఆ రోజునుంచి అతనితో ఒక్క మాట లేదు. క్యాంటీన్లో అతను కూర్చుంటే బల్ల మొత్తం లేచిపోయేది. కొన్నాళ్ళు భరించాడు, తర్వాత ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయాడు. మర్నాడే యార్డులో కార్లన్నీ బయటికొచ్చాయి. వెర్నన్ తన కారును అందులోంచే తీసుకున్నాడు.

"బాగా చేశారు. జనం కడుపు కొట్టినవాడికి అంతకంటే ఏం కావాలి?" అంది గ్లెనిస్. "మాట్లాడొద్దని ముందు అన్నదెవరు?"

"యూనియన్ మీటింగు పెట్టి చెప్పాడు... మన వెర్నన్."

గ్లెనిస్ కుళాయి కట్టేసింది.

"అతను లైను ఎందుకు ఆపించాడు విల్ఫ్?"

విల్ఫ్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"బ్రేకు పైపు చక్రానికి రాసుకుంటోంది, ఎవరో ఒకరు చస్తారు, వీటికి నేను ముద్ర వెయ్యనంటే వెయ్యనన్నాడు."